కళ్ళు మూసుకున్న ఫొటోలు

ఎలిశబెతు కుర్చీ అంచున కూర్చుని, ముఖం కాస్త ఎడమకు తిప్పి, కుడికన్ను తెరకు దగ్గరగా పెట్టుకుంది. వాణి మౌసు నొక్కినప్పుడల్లా ఆమె కూతురి పెళ్ళి ఒక్కో షీటుగా ముందుకు కదులుతోంది. ఆల్బం ప్రింటుకు పోయే ముందు పెళ్ళివారు వచ్చి డిజైను చూసుకోవడం ఆ స్టూడియోలో పద్ధతి. వాళ్ళు సరేనన్నాకే నెల్లూరు ల్యాబుకు పంపుతారు. ఎలిశబెతు భర్త జకరయ్య రొయ్యల గుంటల మీద కాపలా ఉంటాడు. రొయ్య పట్టుబడికి వచ్చిన సమయం కావడంతో అతన్ని కదలనివ్వలేదట. అందుకని ఆమె ఒక్కతే సముద్రం పక్కనున్న తమ ఊరి నుంచి బస్సెక్కి వాకాడు వచ్చింది.

తెల్లచీర, తలమీద ముసుగు, చేతిలో పూలగుత్తితో షారన్ చర్చి మెట్లెక్కుతోంది. తర్వాతి షీటులో జకరయ్య కూతురి చెయ్యి పట్టుకుని నడిపించుకొస్తున్నాడు. కొత్త చొక్కా మడతలు కూడా పోలేదు. పాస్టరుగారు, ఉంగరాలు, ప్రమాణాలు, తాళి. పెళ్ళికొడుకు తల్లిదండ్రులు, అతని అక్కలు, వాళ్ళ పిల్లలు. కూతురు కనబడినప్పుడల్లా ఎలిశబెతు కొంగుతో పెదవులు అద్దుకుంటోంది, ఇప్పుడే ఏదో తిన్నదానిలా.

ఆఖరి షీటు రాగానే వాణి మౌసు వదిలి, ఎట్లా ఉందని అడిగింది.

"అయిపోయినాయా అమ్మా?" అంది ఎలిశబెతు.

"ఇదే చివరిదక్కా."

"ఇంకొక్కసారి మొదట్నించి తిప్పుతావా?"

రెండోసారి తిప్పుతున్నప్పుడు వాణి తెర వైపు చూడలేదు, ఆమె ముఖం వైపు చూసింది. చర్చి లోపలి షీట్ల దగ్గర ఎలిశబెతు మెడ కొంచెం ముందుకు సాగింది. కుడికన్ను జనం వరసల వెంట మెల్లగా పోయింది, వచ్చింది. స్టేజీ షీట్ల దగ్గర మళ్ళీ అలాగే. ఎడమకన్ను మాత్రం కదల్లేదు. ఆ కంట్లో నల్లగుడ్డు మీద పెద్ద తెల్లపువ్వు ఉంది. అప్పుడు వాణికి తట్టింది. ఆల్బం మొత్తంలో పెళ్ళికూతురి తల్లి లేదు. వంటవాడు గరిటె పట్టుకుని నవ్వుతున్నాడు, పెళ్ళికొడుకు ఆఫీసువాళ్ళు వరసగా నిలబడి ఉన్నారు, పందిట్లో నిద్రపోయిన చంటిపిల్ల కూడా ఒక మూల ఉంది. ఈమె లేదు.

"బాగుండాదమ్మా. పిల్ల చక్కంగా పడింది," అని ఎలిశబెతు చేతిసంచి తీసుకుని లేచింది. తన సంగతి అడగలేదు. గడప దాకా పోయి మాత్రం వెనక్కి తిరిగి, తీసిన ఫొటోలన్నీ ఇందులోకి వచ్చినట్టేనా, ఏమైనా మిగిలిపోయి ఉంటాయా అని అడిగింది. అడిగిన తీరు బస్సు ఎన్నింటికని అడిగినట్టే ఉంది.

ఇంకా చూడాల్సినవి ఉన్నాయని, శనివారం ఒక్కసారి రమ్మని వాణి చెప్పింది. అప్పటిదాకా ప్రింటుకు పంపనంది.

"మళ్ళీ ఎందుకమ్మా, బాగానే ఉండాది గదా," అంటూనే ఎలిశబెతు తల ఊపింది.

ఆమె పోయాక వాణి పైకి వెళ్ళి కుక్కరు పెట్టలేదు. మేడమీద ఇల్లు, కింద స్టూడియో. పెళ్ళయి వచ్చిన ఏడాది నుంచీ పొద్దున ఇంటిపని ముగించుకుని కిందికి దిగి ఫొటోలు ఏరడం ఆమె పని. కెమెరా పట్టుకునేది భర్త పెంచలకృష్ణ, డిజైను చేసేదీ అతనే. వేలకు వేలు తీసిన వాటిలో ఏది ఉండాలో ఏది పోవాలో చూసేది ఈమె. ఎవరైనా అడిగితే పెంచలకృష్ణ, "మా ఆమె ఖాళీగా ఉన్నప్పుడు చూసిపెడతది" అంటాడు. ఆమె దాన్ని ఎప్పుడూ సరిచేయలేదు కానీ మరిచిపోనూ లేదు.

షారన్ పెళ్ళి ఫొటోలు మాత్రం ఆమె ఏరలేదు. అప్పుడు చెల్లెలి కాన్పుకని గూడూరు పోయింది. ఆ సమయంలోనే నెల్లూరు నుంచి మస్తాన్ అనే కంప్యూటర్ల అబ్బాయి వచ్చి సిస్టమ్‌లో రెండు సాఫ్ట్‌వేర్లు ఎక్కించిపోయాడు. రెండూ కొన్నాళ్ళు వాడి చూసి నచ్చినదాన్ని ఉంచుకోవచ్చు. మొదటిది ఫొటోలను తేదీ ప్రకారం, మనుషుల ముఖాల ప్రకారం సర్దిపెట్టి ఊరుకుంటుంది. ఏరుకోవడం మన పనే. రెండోది సర్దుతుంది, బాగున్నవి అదే ఏరుతుంది, ముఖాలు నునుపు చేస్తుంది, మసకబారినవి, వంకరపోయినవి, కళ్ళు మూసుకున్నవి ఎర్రగుర్తు వేసి పక్కకు తోసేస్తుంది. పెంచలకృష్ణకు రెండోదాని మీద మనసు పడింది. పెళ్ళి ముహూర్తాలు ఒకదాని వెనక ఒకటి ఉంటే ఏరుతూ కూర్చోవడానికి తీరిక ఎక్కడిదన్నది అతని మాట. షారన్ పెళ్ళినే దాని చేతికిచ్చి చూశాడు. వాణి గూడూరు నుంచి వచ్చేసరికి, అది ఏరినవాటిలోంచి పెళ్ళికూతురు ఆల్బంకు ఎంచుకోవడమూ, డిజైనూ అయిపోయాయి. "నీకు కష్టం తప్పింది మే," అన్నాడు సంబరంగా.

ఆమెకు ఆ మాట కష్టం తప్పినట్టు వినబడలేదు.

ఇప్పుడామె రెండో సాఫ్ట్‌వేర్ తెరిచి, అది పక్కన పెట్టినవన్నీ చూపించమని నొక్కింది. బొమ్మలు చిన్నచిన్న గళ్ళుగా తెరంతా పరుచుకున్నాయి. రంగు తీసేసినట్టు బూడిదగా, ఒక్కోదాని మూల ఎర్రటి అడ్డగీత. కిందికి జరుపుతుంటే తరుగుతున్నట్టే లేవు. ఎవరో తుమ్ముతున్నది, ఎవరి మోచెయ్యో అడ్డం వచ్చినది, కూరలో చెయ్యి పెట్టినవాడు అదిరిపడినది. అవన్నీ పోవలసినవే, ఆమె చేతుల్లోనైనా పోయేవే. వాటి వెనక ప్రార్థన ఫొటోలు మొదలయ్యాయి.

చర్చిలో పెళ్ళంటే ఎన్నోసార్లు ప్రార్థన. పాస్టరుగారు ప్రార్థిద్దాం అనగానే హాలు మొత్తం తలలు వంచి కళ్ళు మూసుకుంటుంది. అప్పుడు కళ్ళు తెరిచి ఉండేది ఫొటోగ్రాఫరొక్కడే. ఆ కాస్సేపట్లో తీసిన ఫొటోలంటే పెంచలకృష్ణకు ప్రాణం. కెమెరా ఉందన్న ధ్యాస ఎవరికీ ఉండదని, ముఖాలు అప్పుడే ముఖాల్లాగా ఉంటాయని అతనే చాలాసార్లు అన్నాడు. చెప్పులు విప్పేసి పిల్లిలా నడుస్తూ తీస్తాడు. అవన్నీ ఇక్కడ ఉన్నాయి. కళ్ళు మూసుకున్న పాస్టరుగారు, కళ్ళు మూసుకున్న పెళ్ళికొడుకు, మోకాళ్ళ మీద షారన్, చేతులు జోడించిన జకరయ్య. ఒక్కో దానికీ ఒక్కో ఎర్రగీత.

అతని పక్కన ఎలిశబెతు.

వాణి ఆ బొమ్మను పెద్దది చేసింది. ఆకుపచ్చ పట్టుచీర, నెరిసిన పాపట, మొగ్గలాగా ముడుచుకున్న రెండు రెప్పలు. రెండు రెప్పలూ ఒక్కలాగే ఉన్నాయి. ముఖం నేరుగా కెమెరాకు ఎదురుగా ఉంది. పెదవులు మాట మధ్యలో ఆగినట్టు కొద్దిగా తెరుచుకుని ఉన్నాయి. తర్వాతి ప్రార్థనలో ఇంకా ముందు వరసకు వచ్చింది. దీవెన ప్రార్థనలో అయితే షారన్ తలమీద చెయ్యి పెట్టి, ముఖం పైకెత్తి, పూర్తి వెలుతురులో నిలబడింది. అంత సుఖంగా ఉన్న మనిషిని ఆ పెళ్ళిలో వాణి ఇంకెక్కడా చూడలేదు.

ఆ పక్కన పెట్టినవాటిలోనే ప్రార్థన కాని ఫొటోల్లో ఎలిశబెతు కోసం వెతికితే సరైనది దొరకలేదు. దొరికిన ఒకటి రెండింట్లో కొంగు ముఖానికి అడ్డం ఉంది, లేదా స్తంభం చాటున సగం భుజం ఉంది. కెమెరా లేచిందంటే ఆమె తప్పుకుంది. ప్రార్థన మొదలైందంటే ముందుకొచ్చింది. అందరూ కళ్ళు మూసుకునే వేళ ఆమె కూడా అందరిలాంటిదే.

చిట్టచివర ఒకే ఒకటి కనిపించింది. చర్చి పక్క గదిలో కూతురికి ముసుగు పెడుతోంది. రెండు పిన్నులు పళ్ళ మధ్య పట్టుకుని, మూడోది జుట్టులోకి గుచ్చుతూ, షారన్ ముఖంలోకి చూస్తోంది. గుమ్మంలో ఉన్న కెమెరాను ఆమె గమనించలేదు. కళ్ళు రెండూ తెరిచే ఉన్నాయి. కుడికన్ను కూతురి మీద ఉంది. ఎడమకంట్లో తెల్లపువ్వు కిటికీ వెలుతురుకు మెరుస్తూ, ఎటూ చూడకుండా ఉంది. ఈ ఫొటో మూలన కూడా ఎర్రగీత.

"ఏంది మే, ఈ పూట భోజనం లేదా?" అంటూ పెంచలకృష్ణ లోపలికొచ్చాడు.

ఆమె కుర్చీ జరిపి అతనికి తెర చూపించింది. అతను మొదట నవ్వాడు. కళ్ళు మూసుకుంటే చెడిపోయిన ఫొటోనే కదా, దాని తప్పేముందన్నాడు. మన పెళ్ళిళ్ళలో ఎవరైనా తలంబ్రాలు పోసేటప్పుడు కళ్ళు మూస్తే తీసేయమా అన్నాడు.

"ఇది మన పెళ్ళి కాదు గదా. ప్రార్థనలో కళ్ళు తెరిస్తేనే చెడిపోయినట్టు," అంది వాణి.

అతను కిందికి జరిపాడు. ఇంకా కిందికి జరిపాడు. తను చెప్పులు విప్పి తీసినవన్నీ బూడిదరంగులో ఉండడం చూశాక అతని నవ్వు పోయింది. ఆల్బంలో ఒక్క ప్రార్థన కూడా లేదని తనకెందుకు తట్టలేదో అని గొణిగాడు. అది ఏరి ఇచ్చినవి చూడ్డానికి ముద్దుగా ఉన్నాయి, అందుకని వదిలేసినవేమిటో వెనక్కి తిరిగి చూడలేదు. వాణి ఎలిశబెతు రెండుసార్లు ఆల్బం తిప్పించుకున్న సంగతి చెప్పింది. కన్నతల్లి తన కూతురి పెళ్ళికి వచ్చిందనడానికి సాక్ష్యం లేకుండా చేశామంది. గొంతు పెంచలేదు. పెంచకుండా అన్నందుకే అతను తలవంచుకుని విన్నాడు.

రెండో సాఫ్ట్‌వేర్ వద్దని, మొదటిదాన్నే ఉంచుకుందామని ఆ పూటే అనుకున్నారు. మస్తాన్‌కు ఫోన్ చేసి చెప్పేస్తానన్నాడు పెంచలకృష్ణ. మేడమెట్లు ఎక్కుతుంటే వాణికి లోపల ఒక చిన్న వెచ్చదనం తెలిసింది. ఎవరూ చూడకుండా చేస్తూ వచ్చిన పనికి ఇన్నాళ్ళకు ఒక విలువ వచ్చినట్టు అనిపించింది. అది ఎలిశబెతు దుఃఖం మీద వచ్చిన విలువని ఆ క్షణంలో ఆమెకు తోచలేదు.

మరునాడు ఆమె ప్రార్థన ఫొటోల్లో మంచివి, దాంతోపాటు ముసుగు పెడుతున్న ఫొటో, షారన్ ఫోనుకు పంపింది. షారన్ మనుబోలులో అత్తగారింట్లో ఉంది. మా వైపు పొరపాటు జరిగింది, అమ్మగారి ఫొటోలు తప్పిపోయాయి, వీటిలో నీకు నచ్చినవి చెబితే ఆల్బంలో చేరుస్తాను, దీనికి వేరే ఏమీ ఇవ్వనక్కర్లేదు అని రాసింది. రాసినదాన్ని రెండుసార్లు చదివి, ఒక మాట మార్చి, పంపింది.

షారన్ చూసినట్టు నీలిగుర్తులు పడ్డాయి. జవాబు రాలేదు. సాయంత్రం దాకా రాలేదు. కొత్తకోడలు, ఇంటిపనుల్లో ఉంటుందిలే అనుకుంది వాణి. ఆ తర్వాతి రోజు మిట్టమధ్యాహ్నం ఫోన్ మోగింది. వెనకాల గాలికి బట్టలు కొట్టుకుంటున్న చప్పుడు. మిద్దె మీదికి ఎక్కి మాట్లాడుతున్నట్టుంది.

"అక్కా, నేను షారన్‌ని. ఆ ఫొటోలు వద్దక్కా."

వాణి ఇది తమ స్టూడియో తప్పేనని, ఆమె మొహమాటపడక్కర్లేదని చెప్పబోయింది.

"మీ తప్పు గాదు. ఆల్బంకి ఏరుకోమని మీరు మొదట పంపిన లింకులో కూడా అమ్మ ఉండింది. స్టేజీ మీద మా అందరితో నిలబడినవి మూడో నాలుగో ఉండాయి. నేనే పెట్టలేదు."

షారన్ తనే మాట్లాడుకుంటూ పోయింది. మొదట మెల్లగా, తర్వాత ఒకదాని మీద ఒకటి పడుతూ. ఆల్బం తెచ్చాక అత్తగారు దాన్ని టీవీ కింద పెడతారట, వచ్చిన ప్రతివాళ్ళ చేతిలోనూ పెడతారట. ఆడపడుచు ఆల్బం అలాగే ఉందట. పెళ్ళయిన రెండోనాడే అత్తగారు అడిగారట, మీ అమ్మ కన్ను పుట్టుకతోనా అని. కాదు, తను కడుపులో ఉండగా వరికోతలో కంకి గుచ్చుకుని పోయిందని షారన్ చెప్పిందట. ఆవిడ నమ్మలేదట. కడుపులో ఉండగానా, అయితే బిడ్డకేమైనా తగులుకుందేమో అని వదినల ఎదురుగా షారన్ గడ్డం పట్టుకుని, ముఖం వెలుతురుకు తిప్పి, కళ్ళలోకి చూసిందట.

"ఆల్బం తెరిచినప్పుడల్లా ఆ మాట వస్తదక్కా. వచ్చినోళ్ళల్లా అడుగుతారు. నాకు పుట్టేవోళ్ళ కళ్ళు కూడా చూస్తారు."

"అమ్మ రెండుసార్లు తిప్పించుకుని చూసింది షారన్."

అవతల ఊపిరి తీసుకున్న చప్పుడు. ఏడుస్తోందేమోనని వాణి అనుకుంది, కానీ తర్వాత వచ్చిన గొంతు పొడిగానే ఉంది. "అమ్మకు చెప్పబాకక్కా. ఏదో ఒకటి చెప్పు. మిషను తీసేసిందని చెప్పు." కింద నుంచి ఎవరో పిలిచినట్టున్నారు. ఫోన్ ఆగిపోయింది.

వాణి సిస్టమ్ ముందు కూర్చుని షారన్‌కు మొదట పంపిన ఫొటోలు తెరిచింది. నిజమే. స్టేజీ మీద కుటుంబంతో తీసినవి, ఎలిశబెతు ఒక చివర, తల పక్కకు వంచి, తప్పించుకోవడానికి వీల్లేక నిలబడి ఉంది. సాఫ్ట్‌వేర్ వాటిని వదిలెయ్యలేదు. బాగున్నాయనే ఏరి పెట్టింది. వాణి మొన్న ఈ వైపు చూడనే లేదు. దొరికిన తప్పు తనకు కావలసిన తప్పే అయ్యేసరికి అక్కడితో ఆగిపోయింది.

పెంచలకృష్ణ ఒకటి రెండుసార్లు షారన్ ఏమందని అడిగాడు. చూస్తానందని చెప్పింది. శుక్రవారమంతా ఆమె ఒక షీటు మీదే కూర్చుంది. దీవెన ప్రార్థనను దూరం నుంచి తీసిన ఫొటో ఒకటి ఉంది. అందులో హాలంతా కళ్ళు మూసుకుని ఉంది, పెళ్ళికొడుకు తల్లితో సహా. ఎలిశబెతు చెయ్యి షారన్ తలమీద ఉంది. ఇందులో ఎవరేమడుగుతారు అనుకుంది. షీటులో పెట్టింది. షారన్ గొంతు గుర్తొచ్చి తీసేసింది. మళ్ళీ పెట్టింది. పప్పు మాడిన వాసన మేడమీద నుంచి కిందిదాకా వచ్చింది.

శనివారం ఎలిశబెతు మునక్కాయలు కట్ట తెచ్చి కౌంటరు పక్కన గోడకు ఆనించింది. ఇంటి చెట్టువేనని, లేతగా ఉన్నాయని, తలలు కాస్త తుంచి వండుకోమని చెప్పింది. అప్పుడొచ్చి కుర్చీ అంచున కూర్చుంది. పెంచలకృష్ణ కోట ఊళ్ళో చర్చి ఫాదరుగారి పుట్టినరోజు ఫొటోలు తీయడానికి పోయాడు. షాపులో వాళ్ళిద్దరే.

వాణి ముందే అనుకున్న మాటలు చెప్పింది. కొత్తగా ఒక సాఫ్ట్‌వేర్ పెట్టామని, అది కళ్ళు మూసుకున్న ఫొటోలన్నీ తప్పనుకుని తీసేసిందని, అందులోనే ఆమెవి పోయాయని, ఇప్పుడు సరిచేశామని. చెబుతున్నంతసేపూ తెర వైపే చూసింది.

"మిషనుకేం తెలుసమ్మా," అంది ఎలిశబెతు.

వాణి కొత్త షీటు తెరిచింది. ఎలిశబెతు ముఖం తిప్పి, కుడికన్ను దగ్గరగా పెట్టి చూసింది. మొదట కూతురిని చూసింది. కూతురి తలమీద ఉన్న చేతిని చూసింది. ఆ చేతి వెంట పైకి పోయి తన ముఖం దగ్గర ఆగింది. కొంగుతో పెదవులు అద్దుకుంది.

"షారన్ ఒప్పుకునిందా?"

ఒప్పుకుందని వాణి చెప్పింది. చెప్పడం కాస్త ఆలస్యమైంది.

ఎలిశబెతు నవ్వలేదు, బాధపడినట్టూ లేదు. వెనక్కి జరిగి, ఈసారి కుర్చీ నిండా కూర్చుంది. "ఒప్పుకోదమ్మా అది," అంది. "పెళ్ళిలోనే నాకు చెప్పింది. అమ్మా, నువ్వు కొంచెం ఎనక నిలబడు అనింది. కోపంతో అన్లా. నా చెయ్యి పట్టుకునే అనింది."

బయట రోడ్డు మీద ఇసుక ట్రాక్టరు పోయింది. వాణికి ఏదైనా అనాలని ఉంది. ఆ పిల్లది తప్పని గానీ, తప్పు కాదని గానీ. రెండూ ఆమె అనదగిన మాటలు కావు.

ఇంకేమైనా ఫొటోలు ఉన్నాయా చూపించమంది ఎలిశబెతు. వాణి ముసుగు పెడుతున్న ఫొటో తెరిచింది. అది చూసి ఎలిశబెతు ముందుకు వంగింది, ఇంకా వంగింది, ఊపిరికి తెర మసకబారేంత దగ్గరకొచ్చింది. పళ్ళ మధ్య పిన్నులు చూసి చిన్నగా నవ్వింది. షారన్ మూడేళ్ళ పిల్లప్పటి నుంచీ తలదువ్వేటప్పుడు పిన్నులు తను పళ్ళతోనే పట్టుకునేదని, ఆ పిల్ల వాటికోసం చెయ్యి చాచేదని చెప్పింది. తర్వాత వేలు ఎత్తి, తెరకు తాకీ తాకకుండా, తెల్లపువ్వు దగ్గర ఆపింది.

"మొటిమలు గిటిమలు పోగొడతారు గదమ్మా మీరు, దీన్ని పోగొట్టేదానికి అవదా?"

ఈ ఫొటోను ఉన్నదున్నట్టు అచ్చేసి, చట్రం కట్టి ఆమెకు ఇవ్వాలని వాణి రాత్రి అనుకుంది. ఇంత మంచి ఫొటో ఆ పెళ్ళిలో లేదని, ఆ కన్నుతోనే ఆ ఫొటో నిలబడిందని చెప్పాలనుకుంది. ఆ మాటలే ఇప్పుడు కూడా చెప్పింది, కొంచెం తడబడుతూ. మీరు ఉన్నట్టే బాగున్నారక్కా అంది.

ఎలిశబెతు ఓపిగ్గా విన్నది. "నాకు బాగానే ఉంటది. నేను దాన్ని ఎప్పటినుంచో మోస్తా ఉండా," అంది. "ఇది పొయ్యేది దాని ఇంటికి గదా. బాగుచేసినావంటే అది పెట్టుకుంటది. అంతే అమ్మా."

వాణి మొదటి సాఫ్ట్‌వేర్ మూసేసింది. దాంట్లో ఆ పని కాదు. రెండోదాన్ని తెరిచి, ఫొటోను అందులోకి తెచ్చి, ఎడమకన్ను చుట్టూ గీత గీసింది. పక్కనున్న కన్నును చూసి దీన్ని నింపాలా అన్నట్టు అది కుడికంటి చుట్టూ తనే ఇంకో గీత గీసి చూపించింది. ఆమె సరే నొక్కింది. ఎలిశబెతు రెండు చేతులూ సంచి మీద పెట్టుకుని కూర్చుంది. తెర మీద చిన్న చక్రం తిరిగింది. తెల్లపువ్వు మీద ముందు ఒక మబ్బు కమ్మింది, తర్వాత నల్లగుడ్డు వచ్చింది, తర్వాత దానిలో కిటికీ వెలుతురు చుక్క వచ్చింది. ఆ కొత్త కన్ను కుడికన్నుతో కలిసి షారన్ ముఖంలోకి చూడటం మొదలుపెట్టింది.

ఎలిశబెతు చాలాసేపు ఆ బొమ్మనే చూసింది. తన చేత్తో తన ఎడమకన్ను ఒకసారి తడుముకుంది.

"దానికి చూపున్నట్టే ఉండాదే," అంది.

ఉందక్కా, అంది వాణి.

ఏ షీటులో పెడతావని ఎలిశబెతు అడిగింది. మొదట్లో, చర్చి మెట్ల కన్నా ముందు పెడతానని వాణి చెప్పింది. ప్రార్థన ఫొటో మాత్రం ఆల్బంలో వద్దని, వీలైతే చిన్నదిగా తనకొకటి ఇమ్మని ఎలిశబెతు అంది. బైబిల్లో పెట్టుకుంటానంది. వాణి అక్కడే ప్రింటు తీసి ఇచ్చింది. ఎలిశబెతు దాన్ని ఆరేదాకా అంచులు పట్టుకుని నిలబడి, కవర్లో పెట్టించుకుని, సంచి అడుగున పరిచింది.

గడప దిగుతూ ఆగింది. "అమ్మా, నేను అడిగినానని షారన్‌కి చెప్పబాక. మిషనే చేసేసిందని చెప్పు."

చెప్పనని వాణి తల ఊపింది. ఎలిశబెతు కొంగు తలమీదికి లాక్కుని, ఎండలోకి దిగి, బస్టాండు వైపు నడిచింది. ఎడమవైపు నుంచి వస్తున్న సైకిలు ఆమె చూడలేదు. సైకిలతనే పక్కకు కోసుకుని పోయాడు.

పెంచలకృష్ణ తిరిగొచ్చేసరికి వాణి మార్చిన షీటును ల్యాబుకు పోవలసిన వాటిలో చేరుస్తోంది. అతను కెమెరా సంచి దించుతూ తెర వైపు చూసి ఆగాడు. ఫొటో తనదేనని గుర్తుపట్టాడు. గది, కిటికీ, పిన్నులు.

"ఎవురీమె? పెళ్ళికూతురి పిన్నమ్మా?"

"వాళ్ళమ్మ," అంది వాణి.

అతను వంగి చూశాడు. ఇంకా దగ్గరగా వంగి, కంటి అంచులు వెతికి, యాడా తెలియడంలేదే అన్నాడు. గొంతులో మెచ్చుకోలు దాచుకోలేకపోయాడు. మస్తాన్‌కు వద్దని చెప్పారా అని వాణి అడిగింది. తీరిక దొరకలేదని, సాయంత్రం తప్పకుండా చెప్పేస్తానని అతను నసిగాడు.

"చెప్పబాకండి. ఇదే ఉంచుదాం."

పెంచలకృష్ణ ఆమె ముఖంలోకి చూశాడు. ఎందుకని అడిగితే మాట మారుస్తుందేమోనని భయపడ్డట్టు, అడగలేదు. ఫోన్ తీసి అక్కడి నుంచే మస్తాన్‌కు చేశాడు. వాణి ముసుగు ఫొటో పాత ప్రతిని ఎక్కడ ఉంచాలా అని చూస్తోంది. రెండో సాఫ్ట్‌వేర్ దాన్ని అప్పటికే పక్కన పెట్టినవాటిలోకి, ఎర్రగీతల మధ్యకు చేర్చేసింది. వెనక నుంచి భర్త గొంతు ఉత్సాహంగా వినబడుతోంది.

"ఆ రెండోదే అబ్బయ్యా. లేదు లేదు, మా ఇంటామెకు కూడా బాగా నచ్చింది."